సేవ చేసేవారి అలసట: పనిభారంపై మనోవిజ్ఞాన శాస్త్రం ఏమంటోంది?

మూడేళ్ళ క్రితం సంగతి. మన సొసైటీ నడిపే సాయంత్రపు ఉచిత తరగతుల్లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు ఒకరు డిసెంబరు నెలలో ఉన్నట్టుండి రావడం మానేశారు. ఆరేళ్ళపాటు ఒక్క రూపాయి తీసుకోకుండా పాఠం చెప్పిన మనిషి. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్న వేళ మానేశారని మాలో కొందరికి కోపం కూడా వచ్చింది. ఓపిక తగ్గిందని ఒకరు, ఇంట్లో ఏదో ఇబ్బంది ఉండి ఉంటుందని ఒకరు, డబ్బిచ్చే ట్యూషన్ ఏదో దొరికిందని ఇంకొకరు, తలా ఒక మాట అనుకున్నాం.

చివరికి ఇద్దరం ఉపాధ్యాయులం వాళ్ళింటికి వెళ్ళాం. టీ ఇచ్చి, చాలాసేపు మౌనంగా కూర్చుని, ఆయన చెప్పిన మాట ఇది: "సార్, పిల్లల మొహాలు చూస్తుంటే కోపం వస్తోంది. వాళ్ళ తప్పేమీ లేదని తెలుసు. మొన్న ఒక పిల్లవాణ్ణి కొట్టబోయి ఆగాను. ఇంకోసారి ఆగలేనేమోనని భయమేసి మానేశాను."

ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాం. పేరు రాయడం లేదు.

బి.ఇడి. చదివే రోజుల్లో విద్యా మనోవిజ్ఞాన శాస్త్రం మేమూ చదివాం. పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడు, ఎందుకు మరచిపోతాడు, కౌమారంలో మనసు ఎలా ఉంటుంది, ఇవన్నీ ఆ పేపరులో ఉండేవి. నేర్పేవాడి మనసు ఏమవుతుందన్నది మాత్రం మేము చదివిన పుస్తకాల్లో పెద్దగా కనబడలేదు. ఆ రోజు ఆ ఇంట్లోంచి బయటికి వచ్చాక వెదకడం మొదలుపెట్టాం. చదువుతూ పోతే తెలిసిన మొదటి విషయమే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. ఈ రకమైన అలసటకు శాస్త్రంలో పేరు పెట్టింది కార్ఖానాలను చూసో, బ్యాంకులను చూసో కాదు. మనలాంటి ఒక ఉచిత సేవా కేంద్రాన్ని చూసి.

హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల కాలంలో చిన్నతనంలోనే దేశం విడిచి అమెరికా చేరారు. 1970ల మొదట్లో న్యూయార్కు నగరంలో ఆయన పగలంతా సొంత ప్రాక్టీసు చేసుకుని, సాయంత్రం నుంచి పొద్దుపోయే దాకా ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసేవారు. మత్తు పదార్థాలకు అలవాటుపడిన యువకులు, డబ్బులేనివాళ్ళు అక్కడికి వచ్చేవారు. పనిచేసేవారిలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే. వాళ్ళలో ఒక మార్పు ఆయన గమనించారు. ఎంతో ఉత్సాహంగా చేరినవారు ఏడాది తిరిగేసరికి నీరసపడిపోయేవారు. తలనొప్పి, వదలని జలుబు, నిద్రలేమి, చిన్నమాటకే విసుగు. ఎక్కువ గంటలు అక్కడే గడిపేవారు, జరిగే పని మాత్రం తగ్గిపోయేది. మత్తుకు బానిసై పూర్తిగా పాడైపోయినవారి గురించి ఆ వీధుల్లో వాడే మాటనే ఆయన సేవకులకు వాడారు. అదే బర్నౌట్. 1974లో ఒక పత్రికలో దీనిపై వ్యాసం రాశారు. తనకే ఆ స్థితి వచ్చిందని దాచుకోలేదు.

బర్నౌట్‌ను తెలుగులో ఏమనాలి? కాలిపోవడం అంటే సరిపోదు. మన ఇళ్ళలో కిరోసిను దీపం చూసినవారికి చెబితే తెలుస్తుంది. నూనె అయిపోయాక కూడా దీపం వెంటనే ఆరదు, కాసేపు ఒత్తి కాలుతుంది. వెలుగు ఉంటుంది, దాంతోపాటు పొగ, కమురు వాసన ఉంటాయి. ఇక్కడ మేము బర్నౌట్ అన్న మాటనే వాడుతున్నాం. మనసులో మాత్రం ఆ ఒత్తినే ఉంచుకోండి.

ఫ్రాయిడెన్‌బర్గర్ వ్యాసంలో మమ్మల్ని నిలబెట్టి ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. ఈ స్థితి ఎవరికి ఎక్కువగా వస్తుందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు: పని మీద అంకితభావం ఉన్నవారికి. సోమరికి బర్నౌట్ రాదు. పని తప్పించుకోవడం తెలిసినవాడికీ రాదు. పిలవగానే వచ్చేవాళ్ళు, కాదనలేనివాళ్ళు, ఇంకొకరి వంతు కూడా తమ మీద వేసుకునేవాళ్ళు ముందు పడిపోతారు. మన సొసైటీలో అలాంటివారు ఎవరో ఈ పుస్తకం చదివే పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. ఏ పని వచ్చినా మనం ముందుగా ఫోను చేసేది వాళ్ళకే కదా!

పేరు పెట్టింది ఆయనైతే, దాన్ని కొలవడానికి ఒక సాధనం తయారుచేసింది క్రిస్టీనా మాస్లాక్. ఆమె కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేశారు. నర్సులను, వైద్యులను, సంక్షేమ శాఖల ఉద్యోగులను, పేదల తరఫున వాదించే న్యాయవాదులను, జైలు సిబ్బందిని ఆమె కలిసి మాట్లాడారు. 1981లో సూసన్ జాక్సన్‌తో కలిసి ఒక ప్రశ్నావళిని ప్రచురించారు. ఆ తరువాత ఉపాధ్యాయుల కోసం ప్రత్యేకంగా ఇంకొకటి వచ్చింది. ఆమె లెక్క ప్రకారం బర్నౌట్‌లో మూడు భాగాలున్నాయి.

మొదటిది ఉద్వేగపరంగా పూర్తిగా అలసిపోవడం. ఇది ఒళ్ళు అలసట లాంటిది కాదు. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుని లేచినా తీరదు. సోమవారం ఉదయం బడి గేటు కనబడగానే మళ్ళీ మొదలవుతుంది. రెండోది, ఎవరి కోసం పనిచేస్తున్నామో ఆ మనుషుల మీదే మనసు గడ్డకట్టడం. మూడోది, మనం చేసేదాని వల్ల ఏ ప్రయోజనమూ లేదనిపించడం.

ఈ మూడింటిలో రెండోదాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా వృత్తిలో నష్టం జరిగేది అక్కడే. ఉపాధ్యాయుల గదిలో కూర్చుంటే వినబడే మాటల్ని బట్టి దీన్ని గుర్తుపట్టవచ్చు. మొదట్లో పిల్లల్ని పేరుతో చెప్పుకుంటాం. ఫలానా పిల్ల సెలవుల తరువాత రాలేదు, వాళ్ళ నాన్న ఆటో అమ్మేశాడట, అని. కొన్నాళ్ళకు పేర్లు పోయి "ఆ బ్యాచ్", "ఆ వెనక బెంచీ" అవుతాయి. మరికొన్నాళ్ళకు "ఈ పిల్లలింతే" అనే మాట వస్తుంది. ఆ మాట అన్నవారు చెడ్డవారని మేము అనుకోం. మాస్లాక్ చెప్పేది కూడా అదే. అలసిపోయిన మనసు తనను తాను కాపాడుకోవడానికి ఎదుటివారికి కాస్త దూరంగా జరుగుతుంది. ఆ దూరం పెరిగి పెరిగి, మనిషి ఒక కేసుగానో, ఒక రోల్ నంబరుగానో మిగిలిపోతాడు. లెక్కల మాస్టారికి కోపం వచ్చింది పిల్లల మీద కాదు. ఆయనలో ఇంకా మిగిలి ఉన్న మంచితనం ఆ కోపాన్ని చూసి భయపడింది. అందుకే మానేశారు. మానేయకుండా ఉండిపోయి, ఆ కోపంతోనే ఇరవై ఏళ్ళు పాఠం చెప్పేవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళ తరగతుల్లో కూర్చున్న పిల్లలెవరూ ఫిర్యాదు చేయరు. మెల్లగా బడి మానేస్తారు.

ఇది జబ్బా? ప్రపంచ ఆరోగ్య సంస్థ కాదనే చెప్పింది. 2019లో ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో బర్నౌట్‌కు చోటిచ్చారు, అయితే వ్యాధుల జాబితాలో కాదు. పనికి సంబంధించిన స్థితిగా, సరిగా సంబాళించని దీర్ఘకాలపు పని ఒత్తిడి ఫలితంగా దాన్ని పేర్కొన్నారు. ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమలులో ఉంది. బర్నౌట్‌కూ, మానసిక కుంగుబాటుకూ మధ్య గీత ఎక్కడుందన్నది పరిశోధకుల్లో ఇంకా తెగని వాదమే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. పని నుంచి దూరంగా ఉన్నా దిగులు తగ్గకపోతే, తిండి, నిద్ర చెడిపోతే, బతుకు మీదే విరక్తి కలుగుతుంటే అది పనిభారమని సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి నడుపుతున్న టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. మనవాళ్ళలో దీని గురించి ఎవరికైనా చెప్పడం నామోషీ అనుకునేవారు ఇప్పటికీ ఎక్కువే. షుగరు, బీపీ ఉన్నాయని దండోరా వేసుకుంటాం, ఇది మాత్రం దాస్తాం.

ఇక పనిభారం సంగతి. భారం అంటే గంటలేనా?

గంటలూ లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల వచ్చిన పక్షవాతం, గుండెజబ్బులతో 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో 7,45,000 మంది చనిపోయారన్నది ఆ అంచనా. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే వీరికి పక్షవాతం ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. లెక్కల మాస్టారి వారాన్ని మేము కాగితం మీద వేసి చూశాం. పగలు ప్రైవేటు బడిలో ఉద్యోగం, దిద్దాల్సిన పేపర్లు, సాయంత్రం మన దగ్గర రెండు గంటలు, ఆదివారం రివిజన్ తరగతి. కలిపితే 60 దాటింది. ఆయన దారిలో గడిపే సమయం అందులో లేదు.

గంటల్లోనూ తేడా ఉంది. ఎన్ని గంటలు పనిచేశామన్నదాని కన్నా, విరామం లేకుండా ఎన్ని గంటలు నేరుగా మనుషులతో గడిపామన్నది ముఖ్యమని మాస్లాక్ తన తొలి పరిశీలనల్లోనే గమనించారు. పసిపిల్లల సంరక్షణ కేంద్రాలను చూసినప్పుడు, ఒక్కొక్కరి మీద పిల్లల సంఖ్య పెరిగిన కొద్దీ సిబ్బంది ఒత్తిడి పెరగడం కనిపించింది. మన విద్యాహక్కు చట్టం 2009లో ప్రాథమిక తరగతుల్లో 30 మందికి, ప్రాథమికోన్నత తరగతుల్లో 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలని రాసింది పిల్లల కోసమే అనుకుంటాం. అది ఉపాధ్యాయుణ్ణి కూడా కాపాడే అంకె. మన సాయంత్రపు తరగతిలో ఆ ఏడాది ఎంతమంది ఉన్నారో తెలుసా? 62 మంది. పిల్లలు పెరిగారని ఆ సంవత్సరం నివేదికలో మనం గర్వంగా రాసుకున్నాం. ఒక్క మాస్టారే ఉన్నారని రాయలేదు.

గంటలు, సంఖ్యలు అయ్యాక మూడో విషయం, మాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచింది, పని మీద అధికారం. 1979లో రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు స్వీడన్, అమెరికా దేశాల ఉద్యోగుల సమాచారం పరిశీలించి ఒక మాట చెప్పారు. భారం ఎక్కువైనంత మాత్రాన మనిషి చితికిపోడు. భారం ఎక్కువై, దాన్ని ఎలా మోయాలో నిర్ణయించుకునే వీలు లేకపోతే చితికిపోతాడు. భారం ఉన్నా నిర్ణయం తన చేతిలో ఉన్నవాడు ఆ పనిలోనే ఎదుగుతాడు కూడా. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనం దీనికి బలం చేకూర్చింది. 35 నుంచి 55 ఏళ్ళ మధ్య వయసున్న 10,308 మందిని మైకేల్ మార్మట్ బృందం ఏళ్ళ తరబడి గమనించింది. పెద్ద పదవుల్లో ఉన్నవారికి ఒత్తిడి ఎక్కువ, గుండెపోటు వాళ్ళకే వస్తుందని అందరూ అనుకునే మాట. అక్కడ కనబడింది దానికి తలకిందులు. కింది స్థాయి ఉద్యోగుల్లోనే గుండెజబ్బు ఎక్కువ. అందుకు కనిపించిన ముఖ్య కారణాల్లో ఒకటి, తమ పని మీద తమకు అధికారం తక్కువగా ఉండటం.

దీన్ని మన పద్ధతులకు అన్వయించి చూసుకుంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. సాయంత్రం తరగతి ఎన్ని గంటలకు ఉండాలి, ఎంతమందిని చేర్చుకోవాలి, ఏ రోజు సెలవు, ఇవన్నీ కమిటీలో నిర్ణయించాం. ఆ కమిటీలో పాఠం చెప్పేవారు ఒక్కరూ లేరు. పండుగ ముందు రోజు దాతలు వస్తున్నారు, పిల్లల్ని కూర్చోబెట్టండి అని మాస్టారికి అప్పటికప్పుడు ఫోను చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఉచితంగా చేసేవారిని అడిగి చేయాలన్న ఆలోచన మనకు రాలేదు, అంతే. జీతం తీసుకునేవాడికి కనీసం డ్యూటీ చార్టు ఉంటుంది.

1997లో మాస్లాక్, మైకేల్ లైటర్ కలిసి రాసిన పుస్తకంలో మనిషికీ పనికీ పొత్తు కుదరని చోట్లు ఆరు చెప్పారు: భారం, అధికారం, ప్రతిఫలం, తోటివారితో బంధం, న్యాయం, విలువలు. భారం, అధికారం సంగతి చూశాం. విలువల విషయంలో మనకు కొరత లేదు, ఉంటే ఇంతమంది ఇన్నాళ్ళు పనిచేసేవారే కాదు. ప్రతిఫలం దగ్గర ఆగుదాం.

ప్రతిఫలం అంటే డబ్బే కాదు. జర్మనీకి చెందిన యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం మనిషి పెట్టే శ్రమకు బదులుగా మూడు కోరుకుంటాడు: డబ్బు, గౌరవం, రేపటి మీద భరోసా. శ్రమ ఎక్కువై ఈ మూడూ తక్కువైతే మనసుతోపాటు గుండె కూడా దెబ్బతింటుందని ఆయన పరిశీలన. డబ్బు తీసుకోనివారికి మిగిలేది గౌరవం. మన వార్షికోత్సవాల్లో వేదిక మీద శాలువాలు ఎవరికి కప్పుతాం? ఈ వ్యాసం చదివేవారిలో చాలామందికి కప్పాం, అది సరైన పనే. అదే సమయంలో కుర్చీలు సర్దుతూ, మైకు చూసుకుంటూ, పిల్లలకు బిర్యానీ పొట్లాలు పంచుతూ వెనక తిరిగేవారు ఎవరు? ఏడాది పొడవునా పనిచేసేది వాళ్ళే. టైలరింగ్ కేంద్రంలో నేర్పే ఆపా ఒకరున్నారు. ఆమెను ఏడేళ్ళలో ఒకసారి కూడా వేదిక మీదికి పిలవలేదని ఈ వ్యాసం రాస్తున్నప్పుడే గుర్తొచ్చింది.

ఆపా విషయంలో మరొకటి. ఆమె కేంద్రానికి వచ్చేముందు ఇంటి పని, వెళ్ళాక మళ్ళీ ఇంటి పని. ఉద్యోగం చేసే స్త్రీలకు ఇల్లు రెండో షిఫ్టు అవుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో ఒక పుస్తకమే రాశారు. అంతకు ముందు 1983లో ఆమె మరో మాట కూడా చెప్పారు. విమానంలో సేవలందించే సిబ్బంది తమకేమనిపిస్తున్నా మొహం మీద చిరునవ్వు నిలపాలి, అదీ ఒక శ్రమే అని. తరగతి గదిలో మేము చేసే శ్రమలోనూ సగం అదే. లోపల ఇంటి దిగులు ఉన్నా పిల్లల ముందు ప్రశాంతంగా కనబడాలి. ఈ శ్రమ ఏ హాజరు పుస్తకంలోనూ ఎక్కదు.

ఇక్కడ దాతలైన పెద్దలకు నేరుగా సంబంధించిన ఒక ప్రయోగం చెప్పాలి. ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు 2007లో దీన్ని ప్రచురించారు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోను చేసి విరాళాలు అడిగే ఉద్యోగులు ఉండేవారు. విసుగు పుట్టించే పని, ఎక్కువసార్లు కాదనే జవాబు. ఆ విరాళాలతో కొందరు విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు అందేవి. ఆ ఉద్యోగుల్లో ఒక బృందానికి అలా చదువుకుంటున్న ఒక విద్యార్థిని కొద్ది నిమిషాలు కలిపించారు. ఇంకో బృందానికి అలాంటి విద్యార్థి రాసిన ఉత్తరం చదివించారు. మూడో బృందానికి ఏమీ చేయలేదు. నెల తరువాత చూస్తే, విద్యార్థిని స్వయంగా కలిసినవారు ఫోను మీద గడిపే సమయం రెట్టింపు దాటింది, వసూలు చేసిన మొత్తం కూడా రెట్టింపు దాటింది. ఉత్తరం చదివినవారిలో అలాంటి మార్పు లేదు. జీతం పెంచలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. తమ పని ఎవరి జీవితంలోకి చేరుతోందో కళ్ళారా చూశారు, అంతే.

మాస్లాక్ చెప్పిన మూడో లక్షణం, ఏ ప్రయోజనమూ లేదనిపించడం, దానికి ఇది దాదాపు మందులాంటిది. మనం చేసేది ఏమిటి? చదువుకుని స్థిరపడిన పిల్లల్ని దాతల ఇళ్ళకు తీసుకెళ్ళి కృతజ్ఞతలు చెప్పిస్తాం. వాళ్ళకు లెక్కలు నేర్పిన మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళం. మన తరగతుల్లో చదివి పాలిటెక్నిక్‌లోనో, నర్సింగులోనో చేరిన పిల్లలెందరో ఆయనకు తెలియదు. పదో తరగతి మార్కుల జాబితా వరకే ఆయనకు తెలుసు. ఆ జాబితాలో తప్పినవాళ్ళే ఆయన కళ్ళలో మెదిలేవారు.

సరే, అలసిపోయినవాళ్ళు తమకు తాము చేసుకోగలిగేది ఏమీ లేదా? కొంత ఉంది. పని ముగిశాక మనసు కూడా పని నుంచి బయటికి రావాలని, అలా రాగలిగినవారు మర్నాడు తేలికగా ఉంటారని జర్మనీ పరిశోధకురాలు సబీనా సోనెన్‌టాగ్ చాలా ఏళ్ళుగా చూపిస్తున్నారు. చిక్కేమిటంటే, భారం ఎక్కువైనవారికే అలా బయటికి రావడం కష్టం. విశ్రాంతి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందదు. పైగా ఇప్పుడు వాట్సాప్ ఉంది. మన సాయంత్రపు తరగతుల గ్రూపులో రాత్రి పదిన్నరకు తల్లిదండ్రుల ప్రశ్నలు, పదకొండుకు కమిటీ సభ్యుల సూచనలు, తెల్లవారుజామున శుభోదయం బొమ్మలు. ఇందులో మేమూ దోషులమే.

ఈ మధ్య యోగా తరగతులు, ధ్యానం యాప్‌లు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలు అని చాలా వస్తున్నాయి. చెడ్డవని చెప్పం. బ్రిటన్‌లో 233 సంస్థల్లో పనిచేసే 46,336 మంది సమాచారాన్ని విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు పరిశీలించి 2024లో ప్రచురించారు. ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవారికీ, పాల్గొననివారికీ క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక్కదానికి మాత్రం కొంత మినహాయింపు కనిపించింది: స్వచ్ఛంద సేవ, దానధర్మాల్లో పాల్గొనే అవకాశం. ఇది ఒకే సమయంలో తీసిన సర్వే కాబట్టి దేనివల్ల ఏది జరిగిందని గట్టిగా చెప్పలేం. అయినా ఈ ఫలితాన్ని ఫ్రాయిడెన్‌బర్గర్ వ్యాసం పక్కన పెట్టి చదివితే మాకు ఒకటి అర్థమైంది. కొలత ఉన్న సేవ మనిషికి బలం. కొలత లేని సేవ అదే మనిషిని మాడ్చేస్తుంది. వైద్యుల మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2017లో చేసిన ఒక విశ్లేషణ కూడా ఇటువైపే మొగ్గుతోంది. వ్యక్తికి శిక్షణ ఇవ్వడం కన్నా, పనివేళలు, పని పంపిణీ మార్చిన సంస్థల్లో మేలు ఎక్కువగా కనబడింది.

ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లోనే సేవా సంస్థలకు సూచనలిచ్చారు. ఒకే మనిషిని ఒకే కష్టమైన పనికి పదేపదే పంపవద్దు. గంటలకు హద్దు పెట్టండి. సెలవు ఇవ్వండి. మనుషులు చాలకపోతే ఉన్నవారి మీద వేయకుండా కొత్తవారిని చేర్చుకోండి. యాభై ఏళ్ళ నాటి మాటలు. వీటికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఆ ఏడాది వేసవిలో కమిటీ పెద్దల ముందు ఈ విషయాలన్నీ పెట్టాం. మొదట కొందరు నొచ్చుకున్నారు. పుణ్యం కోసం చేసే పనికి గంటల లెక్కలేమిటని ఒక పెద్దాయన అడిగారు. ఆయన మాటలో తప్పు లేదు, ఆయన కాలంలో సేవ అంటే అలాగే ఉండేది. ఆయనే వారం తరువాత ఫోను చేసి, "ఆ మాస్టారు ఎలా ఉన్నారు, నేనొకసారి వెళ్ళి చూసొస్తా" అన్నారు. వెళ్ళారు కూడా.

అప్పటి నుంచి కొన్ని మార్పులు జరిగాయి. లెక్కలకు, సైన్సుకు ఇద్దరేసి ఉపాధ్యాయులున్నారు, ఒకరు మూడు రోజులు, ఇంకొకరు మూడు రోజులు. తరగతికి 35 మందికి మించి తీసుకోవడం లేదు. మిగిలినవారికి ఇంకో గది దొరికేదాకా జాబితాలో ఉంచాం. పిల్లల్ని చేర్చుకోలేమని తల్లిదండ్రులకు చెప్పడం ఇప్పటికీ మాకు కష్టంగానే ఉంది. నిజం చెప్పాలంటే ఇది సరైన పనేనా అని మాలో మాకే వాదన జరుగుతూ ఉంటుంది. వాట్సాప్ గ్రూపు రాత్రి ఎనిమిదిన్నర తరువాత మూసి ఉంటుంది. కమిటీలో ఒక చోటు పాఠం చెప్పేవారికి ఇచ్చారు. గత ఫిబ్రవరిలో పాత విద్యార్థులు పదకొండు మందిని పిలిపించాం. వేదిక లేదు, మైకు లేదు. తమకు నేర్పినవారితో కూర్చుని టీ తాగి వెళ్ళారు. నర్సింగు రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి తాను మందు మోతాదులు లెక్కగట్టేటప్పుడు నిష్పత్తుల పాఠమే గుర్తొస్తుందని చెప్పింది.

లెక్కల మాస్టారు కూడా ఆ రోజు వచ్చారు. వెనక బల్ల మీద కూర్చున్నారు. జూన్ నుంచి వారానికి ఒక్క రోజు, శనివారం, ఎనిమిదో తరగతి పిల్లలకు మళ్ళీ చెబుతున్నారు. రెండో రోజు కూడా ఇస్తానని అడిగితే ఈ ఏడాదికి వద్దని మేమే అన్నాం.

మిగిలింది ఒక్కటి. హాజరు, ఫీజు రశీదులు, నివేదికలు, తల్లిదండ్రులకు ఫోన్లు, ఈ పనులన్నీ ఇంకా పాఠం చెప్పేవారి మీదే ఉన్నాయి. సాయంత్రం మూడు గంటలు వచ్చి ఇవన్నీ చూసుకునే ఒక గుమాస్తా కావాలి. భవనానికి, కంప్యూటర్లకు, పుస్తకాలకు దాతలు ముందుకొచ్చినట్టు గుమాస్తా జీతానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. దాని మీద పేరు చెక్కించే రాయి ఉండదు కాబట్టి కావచ్చు. వచ్చే ఏడాది అంచనాల్లో ఆ పద్దు కొత్తగా చేర్చాం. వార్షిక సమావేశంలో కోశాధికారి గారు దాన్ని చదివి వినిపిస్తారు.